రెండో అంతస్తులో హాజరు

గొడవ తువ్వాలు దగ్గర మొదలైంది.

ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఇంటర్నెట్‌లోకి రావాలని, కళ్లకు పరికరం పెట్టుకున్న పౌరుడికి ఆఫీసులో నిలబడ్డట్టే ఉండాలని ఉత్తర్వులు వచ్చిన ఏడాది అది. పని తేలికే అనుకున్నారు. ఇలాంటి గదులు బ్రౌజర్లో ఎలా తెరుచుకోవాలి, నేల ఎక్కడుందో పరికరానికి ఎలా తెలియాలి, తల తిప్పితే గది ఎలా తిరగాలి అన్న ప్రమాణాలను ప్రపంచంలో పెద్దలు ముందే రాసి పెట్టారు. అయితే గదిలో ఏముండాలో వాళ్లు రాయలేదు. మొదటి రోజు పరికరం పెట్టుకుని తన గదిలోకి తాను వెళ్లిన ఒక ఉన్నతాధికారికి కుర్చీ వీపు మీద తువ్వాలు కనబడలేదు. పరికరం తీసి చూశారు. తువ్వాలు ఉంది. పెట్టి చూశారు. లేదు. తువ్వాలు లేని కుర్చీకీ గుమాస్తా కుర్చీకీ తేడా ఏమిటని ఆయన పైకి రాశారు.

ఆ ఉత్తరం మీద రాష్ట్ర దృశ్యజాల ప్రమాణాల మండలి ఏర్పడింది. డాక్టర్ వాచస్పతి అధ్యక్షులు. మండలి 'సమదర్శన ప్రమాణం, మొదటి కూర్పు' అనే గ్రంథం వెలువరించింది. అందులో సూత్రాలు రెండు. ఏ బ్రౌజర్లో చూసినా ఒకటే కనబడాలి. కనబడేదీ ఉన్నదీ ఒకటే కావాలి. మొదటిది ప్రపంచమంతా ఒప్పుకున్నదే. రెండోది మండలి సొంతం.

ఇలాంటి గది తెరిచే ముందు బ్రౌజరు, మీ పరిసరాలను చూడటానికి అనుమతిస్తారా అని అడుగుతుంది. దీని మీద మండలిలో ఒక పూట చర్చ జరిగింది. పౌరుడు ప్రభుత్వానికి అనుమతి ఇవ్వడమేమిటి, వరస తిరగబడింది అన్నారు సభ్యులు. మీట మీద మాట మార్చారు. 'అనుమతి ఇచ్చుటకు అనుమతి కోరుచున్నాను' అని పెట్టారు. తువ్వాలును చెక్కలా చూపించిన ఒక బ్రౌజరును, అది గుడ్డలా వేలాడటం నేర్చుకునే దాకా, ఆఫీసుల్లో వాడనివ్వలేదు.

కొత్తరేవు పురపాలక కార్యాలయాన్ని కెమెరాలతో కొలవడానికి మనుషులు వచ్చిన రోజు గోడ గడియారం పదకొండుంబావు దగ్గర ఆగి ఉంది. గుమాస్తాల హాల్లో ఒక ఫ్యాను తిరగడం లేదు. లిఫ్టుకు అడ్డంగా తలుపంత చెక్క కొట్టి, దాని మీద ఎర్ర రంగుతో 'లిఫ్టు పనిచేయదు' అని రాసి ఉంది. ఆ రంగు వెలిసి, మళ్లీ వేసి, మళ్లీ వెలిసింది. మెట్ల మలుపులో కిళ్లీ మరకలు చూసి అటెండరు సత్తియ్య గుడ్డ తెచ్చాడు.

"తుడిచెయ్యమంటారా బాబూ?"

"వద్దు. ఉన్నది ఉన్నట్టు" అన్నారు వచ్చినవాళ్లు.

అన్నీ ఇంటర్నెట్‌లోని దృశ్య కార్యాలయంలోకి అలాగే ఎక్కాయి. తర్వాత ఎవరో ఫ్యాను బాగు చేయిస్తే తనిఖీలో దొరికిపోయింది. దృశ్య కార్యాలయంలో తిరగని ఫ్యాను నిజ కార్యాలయంలో తిరుగుతోంది. బాగు చేయించిన గుమాస్తా సంజాయిషీ రాసిచ్చి, తీగ తెంపాడు.

కళ్లకు పెట్టుకునేదాన్ని మండలి దృశ్యోపకరణం అంది. కొత్తరేవు జనం గంతలు అన్నారు. గానుగెద్దుకు కట్టేవాటి పేరు అది.

కడలి మంగతాయారు బస్టాండు మెట్ల కింద బల్ల వేసుకుని గడియారాలు బాగు చేస్తుంది. తండ్రి దగ్గర నేర్చిన పని. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. వాన పడితే మెట్ల సందుల్లోంచి నీళ్లు బల్ల మీద కారతాయి. గడియారం బాగు కోసం ఇచ్చినవాడికి నీళ్లు పట్టిన గడియారం తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. వానాకాలమంతా ఆవిడ పని గొడుగు పట్టుకోవడమే.

మార్కెట్ దగ్గర మునిసిపాలిటీ కొత్త షాపుల వరస కట్టింది. కింది వరసలో ఏడో నంబరు వికలాంగుల కోటా. చీటీ మంగతాయారుకు వచ్చింది. ఇక మిగిలింది కమిషనర్ గారి ఎదుట ముఖాముఖి విచారణ. నెలాఖరు లోపు హాజరు కాకపోతే షాపు క్రమసంఖ్య రెండుకు వెళ్తుంది. క్రమసంఖ్య రెండు చంటిబాబు, ఒక కౌన్సిలరు బావమరిది. అతనికి చెవుడు ఉన్నట్టు కాగితం ఉంది. ఫోను మోగితే మొదటి మోతకే ఎత్తుతాడు.

కమిషనర్ గది రెండో అంతస్తులో. మంగతాయారు ఆ ఆఫీసు గేటు లోపలికి వెళ్లింది గానీ మెట్లు దాటలేదు. మోసుకెళ్తామని సత్తియ్య ఎన్నోసార్లు అన్నాడు.

"కాళ్లు పోయేయి గానీ నేను బస్తాని కాదు బాబాయ్" అనేది.

అందుకే ముఖాముఖి విచారణలు ఇకమీదట దృశ్య కార్యాలయంలోనే అని నోటీసు అంటించినప్పుడు ఊళ్లో సంతోషించింది ఆవిడొక్కతే. రెండో అంతస్తు ఎలా ఉంటుందో చూడొచ్చు అనుకుంది.

వార్డు ఆఫీసులో ప్రసన్న అనే అమ్మాయి గంతలు బిగించి, చేతికి ఒక పిడి ఇచ్చింది. అనుమతి ఇచ్చుటకు అనుమతి కోరారు. కాసేపటికి వచ్చింది.

"గేటు కనపడుతుందాండీ?"

"ఆఁ. సైకిల్ స్టాండు, నీళ్ల కుండీ... ఓలమ్మో, నా బండి కూడానా! బెల్లు మీద తుప్పుతో సహా దించేసేరే!"

"పిడి ముందుకి తోయండి. చక్రాలు తిరుగుతాయి."

తిరిగాయి. మంగతాయారు ఆవరణ దాటి, వరండా దాటి, మెట్ల దగ్గరకు వచ్చింది. లిఫ్టుకు అడ్డంగా చెక్క ఉంది.

"మెట్ల కాడికొచ్చేనమ్మా. ఇప్పుడేం నొక్కాలి?"

"ఏం నొక్కక్కర్లేదండి. ఎక్కడమే."

"ఎలాగ?"

"మెట్ల మీంచేనండి."

మంగతాయారు పిడి వదిలేసింది.

"ప్రసన్నా, నేను మెట్లెక్కగలిగితే ఈ గంతలు దేనికే తల్లీ?"

"మాకు ట్రైనింగులో అది చెప్పలేదండి."

"మా మేనల్లుడు ఆటల్లో చూపించేడు. వేలు చూపిస్తే అక్కడికి గెంతుతాది బొమ్మ."

"గెంతుడు తీసేసేరండి. గేటు దగ్గర వేలు చూపించి కమిషనర్ గారి గదిలో తేలితే మధ్యలో స్టాఫు ఎందుకని పైవాళ్లు అన్నారంట."

"పోనీ బండి తీసేసి నడిచే బొమ్మ పెట్టు. ఈ ఒక్కపాలికి."

ప్రసన్న ఆఫీసుకు ఫోను చేసింది. చాలాసేపు ఆఁ అంది, సరేనండి అంది.

"పెట్టొచ్చునంటండి. కాకపోతే నడిచొచ్చినవాళ్లకి వికలాంగుల కోటా రాదంటండి."

మంగతాయారు గంతలు తీసి ఒళ్లో పెట్టుకుంది. బయట నిజమైన బండి, నిజమైన తుప్పు బెల్లుతో ఎండలో ఉంది.

ఆవిడ అర్జీ పెట్టింది. జవాబు వస్తుందని అనుకోలేదు. వచ్చింది. 'వికలాంగులకు దృశ్య సౌలభ్యము' అనే అంశం మీద మండలి సమావేశం జరుగుతోందని, క్షేత్ర పరిశీలన నిమిత్తం దాన్ని కొత్తరేవు దృశ్య కార్యాలయంలోనే ఏర్పాటు చేశారని, సదరు అర్జీదారు విశేష ఆహ్వానితురాలిగా విచ్చేయాలని అందులో ఉంది. వేదిక: సమావేశ మందిరం, రెండో అంతస్తు.

ఆ రోజు ప్రసన్న మళ్లీ గంతలు బిగించింది. మంగతాయారు మెట్ల మొదట్లో బండి ఆపుకుని కూర్చుంది. పైన సమావేశం మొదలైనట్టు చప్పుడు వచ్చింది. దూరం మాట దూరంగానే వినబడాలని ప్రమాణంలో ఉంది గనక మాటలు తెలియలేదు. పైన తలుపు దగ్గర స్టూలు మీద సత్తియ్య బొమ్మ ఉంది. తలుపు దగ్గర అటెండరు లేని సమావేశం చెల్లదు కాబట్టి అతనికీ గంతలు ఇచ్చారు. సత్తియ్య బొమ్మ పిట్టగోడ మీంచి కిందికి వంగింది.

"ఏవంటన్నారు బాబాయ్?" అని అరిచింది మంగతాయారు.

"సానుభూతి తెలియజేసేరమ్మా!"

"తర్వాత?"

"టీ తాగుతున్నారు."

"ఈ గంతల్లో టీ ఎక్కడిదీ?"

"ఎవరింట్లో వాళ్లు."

కొంతసేపయ్యాక సత్తియ్య మళ్లీ వంగాడు. "నీ గురించే. మెట్ల పక్కన వాలు కట్టొచ్చా అని."

"కట్టమను!"

"కట్టకూడదంట."

"ఏం?"

సత్తియ్య తల లోపలికి తిప్పి విన్నాడు. ఇటు తిప్పాడు. "నాకర్థం కాలేదమ్మా. వాళ్లే వస్తున్నారు."

డాక్టర్ వాచస్పతి బొమ్మ పిట్టగోడ దగ్గరకు వచ్చింది. పక్కనే కమిషనర్ దండపాణి. వాచస్పతి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, సమదర్శన ప్రమాణం ఎవరి పట్లా వివక్ష చూపదు. నిజ కార్యాలయంలో మీరు ఏ మెట్టు దగ్గర ఆగుతారో, దృశ్య కార్యాలయంలోనూ అదే మెట్టు దగ్గర ఆగారు. అన్ని బ్రౌజర్లలోనూ ఆగారు. మేము పరీక్షించాము. ప్రమాణం నూటికి నూరుపాళ్లు పనిచేస్తున్నదనడానికి మీరే సాక్ష్యం."

"సాక్ష్యం సరేనండి. షాపు సంగతి?"

"అది పురపాలక పరిధి" అన్నారు వాచస్పతి.

"విచారణకు మీరు హాజరైతే తప్పక పరిశీలిస్తాము" అన్నారు దండపాణి.

"వాలు కట్టిస్తే హాజరవుతానండి."

వాచస్పతి చిరునవ్వు నవ్వారు. బొమ్మకు నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "ఇక్కడ దృశ్యంలో ర్యాంపు నిర్మించాలంటే అక్కడ నిజ కార్యాలయంలో ర్యాంపు ఉండాలి. అక్కడ ముందుగా నిర్మిస్తే, ఇక్కడ లేనిది అక్కడ ఉన్నట్టు అవుతుంది. అది మొదటి కూర్పుకు ఉల్లంఘన. కావున రెండు చోట్లా ఒకే క్షణంలో నిర్మించే విధివిధానాలపై రెండో కూర్పు కోసం ఉపసంఘాన్ని నియమించాము."

"అదెప్పుడు కూడతాదండీ?"

"సమావేశ స్థలం ఖరారు కాగానే."

సభ ముగిసింది. విశేష ఆహ్వానితురాలి సూచనలు స్వీకరించడమైనదని తీర్మానం చేశారు.

తర్వాతి ఆదివారం నిజ కార్యాలయంలో రెండో అంతస్తు కప్పు ఒక మూల కూలింది. కూలిన మూల కింద కమిషనర్ కుర్చీ ఉంది. ఆదివారం గనక కుర్చీలో ఎవరూ లేరు. ఇంజనీర్లు వచ్చి చూసి, మెట్లకు అడ్డంగా తాడు కట్టి, పైకి ఎవరూ పోరాదన్నారు. ఆఫీసు కింద చెత్తబళ్ల షెడ్డులోకి మారింది. కొత్త కుర్చీ వచ్చింది. తువ్వాలు దులిపి తెచ్చారు.

దృశ్య కార్యాలయంలో కప్పు కూలలేదు. రెండో కూర్పు వచ్చే దాకా కూలడానికి వీల్లేదు.

కబురు చెప్పడానికి సత్తియ్య బస్టాండుకు వచ్చాడు. మంగతాయారు కంటికి భూతద్దం పెట్టుకుని ఒక చేతిగడియారం లోపలికి చూస్తోంది.

"అయితే కమిషనర్ గారిప్పుడు కిందే ఉన్నారా?"

"కిందేనమ్మా. చెత్తబళ్ల పక్కన."

"మెట్లు?"

"ఒక్కటీ లేదు. బళ్లు దొర్లడానికి కట్టింది కదా, వాలే."

మంగతాయారు భూతద్దం తీసింది. నెలాఖరు ఆ మర్నాడే.

మర్నాడు ఆవిడ బండి గేటు దాటి, వరండా వైపు పోకుండా, షెడ్డులోకి దొర్లింది. చంటిబాబు గేటు దగ్గర మోటారుసైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. గంతలు నుదుటి మీదికి తోసి పెట్టుకున్నాడు. "ఏం మంగాయమ్మా, ఎక్కడం అయిందా?" అన్నాడు. ఆవిడ బెల్లు కొట్టి పక్కకు తప్పుకోమంది.

షెడ్డులో దండపాణి తువ్వాలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్లకు గంతలు. బల్లకు ఇవతల మంగతాయారు బండి ఆగింది. చెయ్యి చాపితే ఆయన పెన్ను అందుతుంది.

"నమస్కారమండి. కడలి మంగతాయారునండి. షాపు విచారణకొచ్చేను."

దండపాణి తల అటూ ఇటూ తిప్పారు. "ఎవరూ?"

"నేనేనండి. మీ ఎదరే."

"నా ఎదర ఖాళీ కుర్చీ ఉంది."

"నేను నా బండి తెచ్చుకున్నానండి. కుర్చీ అక్కర్లేదు."

"మాట దగ్గరగా వినబడుతోంది. మనిషి కనబడటం లేదు." ఆయన స్వరం పెంచారు. "సత్తియ్యా, ధ్వనిలోపం. రాసుకో."

సత్తియ్య షెడ్డు గుమ్మంలో స్టూలు మీద ఉన్నాడు. అతని కళ్లకూ గంతలున్నాయి. తీసి చూశాడు. "బాబూ, ఆ అమ్మాయి నిజంగానే ఇక్కడ..."

"నువ్వు రెండో అంతస్తులో తలుపు దగ్గర ఉన్నావు. కింద ఏం జరుగుతుందో నీకెలా తెలుస్తుంది?"

సత్తియ్య గంతలు పెట్టుకున్నాడు.

సంగతి ఇది. అధికారి కుర్చీకి ప్రమాణంలో లంగరు ఉంది. ఆయన ఏ ఊళ్లో, ఏ షెడ్డులో కూర్చున్నా, దృశ్య కార్యాలయంలో ఆయన బొమ్మ తన గదిలో తన కుర్చీలోనే ఉంటుంది. అటెండరు స్టూలుకూ అలాంటి లంగరే. అర్జీదారులకు లంగరు లేదు. ఆఫీసు ఆవరణలో వాళ్ల గంతలు ఎక్కడుంటే బొమ్మ అక్కడే ఉంటుంది.

"ఒక్కసారి గంతలు తీసి చూడండి బాబూ" అంది మంగతాయారు.

"విచారణ వేళలో దృశ్యోపకరణం తీస్తే నేను గదిలోంచి వెళ్లినట్టు నమోదవుతుంది. అప్పుడు మీరు వచ్చినా నేను ఉండను. మీ మేలు కోరే చెబుతున్నాను, పైకి రండి."

మంగతాయారు బల్ల మీద విచారణకని తన పేరున పెట్టిన గంతలు తీసుకుని పెట్టుకుంది. చెత్తబళ్లు పోయాయి. ఎదురుగా మెట్ల గోడ. కిళ్లీ మరకలు. రెండో అంతస్తు పైన ఎక్కడో ఉంది. గంతలు తీస్తే కమిషనర్ గారి మీసంలో నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"ఐదింటి దాకా చూస్తాను" అన్నారు దండపాణి. "తర్వాత క్రమసంఖ్య రెండు."

గంతల్లోని ఆయన గదిలో గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. గడువుకు మాత్రం ఇక్కడి నిజమైన వేళే ప్రమాణం. మంగతాయారు చేతి గడియారం చూసుకుంది. ఐదు కావస్తోంది. గేటు దగ్గర ఫోను మోగింది. మొదటి మోతకే చంటిబాబు ఎత్తాడు. "అయిపోయినట్టే బావా" అన్నాడు.

మంగతాయారు చేతిలో గంతలు తిప్పి చూసింది. బండి వెనక్కి దొర్లించి సత్తియ్య దగ్గరకు వెళ్లింది.

"బాబాయ్, ఈ గంతలు ఎక్కడుంటే నేనక్కడున్నట్టేనా?"

"ఈ కాంపౌండులో అంతేనమ్మా."

"అయితే పట్టుకెళ్లు."

"ఎక్కడికీ?"

"పైకి. నన్ను మొయ్యనిచ్చేదాన్ని కాదు గానీ, వీటిని మొయ్యి."

సత్తియ్య తన గంతలు తీసి స్టూలు మీద పెట్టాడు. పైన తలుపు దగ్గర అతని బొమ్మ స్టూలంత పొట్టిదైంది. కమిషనర్ గమనించలేదు. ఆవిడ గంతలు తలకు బిగించుకుని, మెట్ల దగ్గర తాడు కింద నుంచి వంగి దూరాడు. అతనికి మోకాళ్ల నొప్పులున్నాయి.

మంగతాయారు మళ్లీ బల్ల దగ్గరకు వచ్చి ఎదురుగా ఆగింది.

"ఆఁ" అన్నారు దండపాణి, తలుపు ఉండవలసిన దిక్కుకు తిరిగి. "మెట్ల మీద బండి చప్పుడు. వస్తున్నారు. మంగతాయారు గారేనా?"

"నేనేనండి" అంది మంగతాయారు.

"రండి, రండి. మలుపు దగ్గర ఆగారేం?"

ఆవిడ పైకప్పు వైపు చూసింది. సత్తియ్య మోకాళ్లు. "ఆయాసమండి."

"తొందర లేదు. నిదానంగా రండి. గడువు నేను చూసుకుంటాను."

అంత మెత్తని మాట ఆ ఆఫీసులో ఆవిడ వినడం అదే మొదలు. ఆయన చెబుతూ ఉంటే తను ఎలా ఎక్కుతోందో మంగతాయారు విన్నది. పిట్టగోడ పట్టుకుందట. రెండో మలుపు దాటిందట. వరండాలో కాస్త పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుందట. గుమ్మం దాటి కిటికీ పక్కన ఆగిందట.

"శభాష్" అన్నారు దండపాణి. "పేరు?"

"కడలి మంగతాయారు."

"తండ్రి పేరు?"

"కడలి పుల్లయ్య. పోయేరండి."

"వృత్తి?"

"గడియారాలు బాగు చేస్తానండి."

"వైకల్యం ఏ కాలికి?"

"రెండు కాళ్లకీనండి."

ఆయన తల పైకెత్తారు. "మరి మెట్లు ఎలా ఎక్కారు?"

"ఎక్కాల్సొచ్చిందండి."

దండపాణి గంతల కింద నుంచి చెంప మీదికి తడి జారింది. ఆయన తువ్వాలు కొస అందుకుని తుడుచుకున్నారు. "సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదమ్మా. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

మంగతాయారు చెయ్యి చాపి, ఆయన ముందున్న కాగితం మీద ముద్ర వేసింది. ఆయన తడుముకుంటూ దాని కింద సంతకం చేశారు.

"మీ బొమ్మ చెయ్యి కదలలేదు. ముద్ర పడింది. చిన్న దృశ్యలోపం, పరవాలేదు. దిగేటప్పుడు జాగ్రత్త."

"అలాగేనండి" అని మంగతాయారు బండి వెనక్కి తిప్పుకుంది.

సత్తియ్య దిగి వచ్చేసరికి జుట్టు నిండా సున్నం. ఆవిడ కొంగుతో దులిపింది.

"పైన ఎలా ఉంది బాబాయ్?"

"ఆకాశం కనపడుతుందమ్మా."

షాపు వచ్చింది. దాంతోపాటు ఇంకొన్ని వచ్చాయి. మండలి అత్యవసర సమావేశం జరిపి, నడవలేని అర్జీదారు ఎవరి సాయమూ లేకుండా రెండో అంతస్తు చేరినట్టు దృశ్య నమోదులో రుజువైనందున మెట్లు సర్వజన సుగమ్యమని ధ్రువీకరించింది. ర్యాంపు ఉపసంఘాన్ని రద్దు చేసింది. కొత్తరేవు కార్యాలయానికి సుగమ్యతా పురస్కారం ప్రకటించింది. ఇత్తడి ఫలకం వచ్చింది. మొదటి కూర్పులో ఏ గోడకూ ఫలకం లేదు గనక, దాన్ని బీరువాలో పెట్టారు.

ఏడో నంబరు షాపు కింది వరసలోదే. వరద నీళ్లు రాకుండా వరసంతా ఎత్తు చేసి, ముందు మూడు మెట్లు కట్టారు. మంగతాయారు మెట్ల ముందు బండి ఆపి, తాళం చెవి చేత్తో పట్టుకుని, తలుపుకేసి చూసింది. మళ్లీ అర్జీ పెట్టింది. చంటిబాబు వరస మొదట్లో కిళ్లీకొట్టు దగ్గర నిలబడి, తనకేం తొందర లేదన్నాడు. షాపు తెరవకుండా ఉంచితే కేటాయింపు రద్దవుతుందని నిబంధన ఉంది.

జవాబు సత్తియ్య షాపు దగ్గరికే తెచ్చాడు. భుజం మీద ఒక చెక్క, చంకలో గోడ గడియారం, జేబులో ఉత్తరం. చెక్క గోడకు ఆనించి ఉత్తరం ఇచ్చాడు. మంగతాయారు చదివింది.

'సదరు అర్జీదారు స్వయంగా రెండంతస్తులు ఎక్కినట్టు ఈ కార్యాలయ నమోదులలో ఉన్నది. కావున మూడు మెట్లు ఎక్కలేనను వాదన విశ్వసనీయముగా లేదు. అర్జీ తిరస్కరించడమైనది.'

ఆవిడ ఉత్తరం మడిచి బండి కింద అరలో పెట్టింది. "గడియారం దేనికీ?"

"మొన్న పైనుంచి దించేం కదా. ఆ కుదుపుకి తిరగడం మొదలెట్టింది. గంతల్లో ఆగున్నది ఇక్కడ తిరగకూడదని కమిషనర్ గారు నీ దగ్గరికి పంపేరు. పదకొండుంబావు దగ్గర ఆపాలంట."

మంగతాయారు గడియారం ఒళ్లోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. బాగా నడుస్తోంది.

"బాగు చెయ్యమన్నవాళ్లని చూసేను గానీ బాబాయ్..."

"ఎన్నాళ్లు ఆపాలో చెప్పేరు. రెండో కూర్పు వచ్చే దాకా."

ఆవిడ ముళ్లు తిప్పి పదకొండుంబావు దగ్గర పెట్టి, వెనక మూత తీసి, బ్యాటరీ లాగింది. "మరి ఆ చెక్క ఏంటి?"

సత్తియ్య ఆవిడ దగ్గర తాళం చెవి తీసుకుని షాపు తలుపు తెరిచి, చెక్క ఎత్తి, మెట్ల మీద వాలుగా పరిచాడు. కాలితో తొక్కి చూశాడు. ఎర్ర రంగు అక్షరాలు పైకి ఉన్నాయి. లిఫ్టు పనిచేయదు.

"ఇది లేకపోతే తనిఖీలో నీ ఉద్యోగం ఊడుతుంది బాబాయ్."

"కప్పు కూలేక తనిఖీ గంతల్లోనే కదమ్మా" అన్నాడు సత్తియ్య. "అందులో ఇది ఎక్కడిదక్కడే ఉంది."

మంగతాయారు గడియారం ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో చక్రం తిప్పింది. బండి 'లిఫ్టు' మీదికి ఎక్కి, 'పనిచేయదు' మీదుగా దొర్లి, షాపు లోపలికి వెళ్లింది.